ముందువైపు సింగారం: ఒక మున్సిపల్ భవనం గొడవ, నేను చూసిన మేరకు

నన్ను పిలిచేసరికి కొత్త మున్సిపల్ ఆఫీసు శంకుస్థాపన రాయికి ఎవరో పేడ కొట్టి ఉన్నారు. కోపంతో విసిరినట్టు లేదు. పిడకలు చరిచినట్టు వరుసగా, ఒక్క పేరు కూడా కనబడకుండా కొట్టారు. కమిషనర్ గారు గేటు దాకా ఎదురొచ్చి, నా చూపు అటు పడకుండా గబగబా లోపలికి తీసుకుపోయారు. "రెండు నెలల్లో ఊరివాళ్లను ఒప్పించాలి సార్, అంతే పని" అన్నారు.

నేను కర్నూలులో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న ఆర్కిటెక్ట్‌ని. పాత కట్టడాల మరమ్మతులు, అప్పుడప్పుడు ప్రభుత్వ భవనాల డ్రాయింగులు నా పని. జనాన్ని ఒప్పించడం నాకు రాదు. అయినా ఒప్పుకున్నాను. కూల్చాలనుకుంటున్న పాత ఆఫీసు నేను చిన్నప్పుడు మా నాయనతో వెళ్లి వరండాలో గంటలు గంటలు కూర్చున్న చోటు.

ఊరి పేరు రాయను. కర్నూలులో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వచ్చేయగల దూరం. ఒక పాత బురుజు, ఒక మసీదు, రెండు గుళ్లు, నాపబండలు పరిచిన బజారు, ఆ బజారు చివర మున్సిపల్ ఆఫీసు. రూపాయల్లో అంకెలు కూడా ఇవ్వను. ఆ ఫైలు మీద ఆడిట్ ఇంకా నడుస్తోంది, నేను మాటిచ్చాను. వందకు ఎంత అన్న లెక్కలో చెబుతాను.

తలపెట్టిన భవనం ఇది: పాతది పూర్తిగా పడగొట్టి బేస్‌మెంటు, పైన నాలుగు అంతస్తులు. రోడ్డు వైపు కింది నుంచి పై దాకా నీలం అద్దం. మిగతా మూడు వైపులా అల్యూమినియం ప్యానెళ్లు. నడి మధ్యలో గుండ్రటి కౌన్సిల్ హాలు. త్రీడీ బొమ్మ ఊరంతా ఫోన్లలో తిరిగింది. ఆ బొమ్మలో రోడ్డు మీద ఆటోలు లేవు, గేదెలు లేవు, చెరకురసం బండి లేదు. కోట్లు వేసుకున్న నలుగురు తెల్లవాళ్లు బ్యాగులు పట్టుకుని నడుస్తున్నారు. మా వృత్తిలో ఇలాంటి మనుషుల బొమ్మలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఎవరూ మార్చరు. ఈసారి మార్చకపోవడం ఖరీదైన తప్పైంది. "వీళ్లెవరు, ఏ వార్డు వాళ్లు?" అని ఊరు ఊరంతా నవ్వుకుంది.

పాత ఆఫీసు తెల్లదొరల కాలం నాటిది. రెండడుగుల మందం రాతి గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసిన మద్రాసు టెర్రస్, ముందు కమానుల వరండా, ఏడు మెట్లు. పక్కన వేపచెట్టు, దాని కింద అర్జీలు రాసేవాళ్ల మూడు బల్లలు. చట్టం దృష్టిలో దానికి ఏ విలువా లేదు. ఊళ్లోని బురుజు కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. 1958 నాటి చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆపైన మరో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి ఉండాలి. కర్నూలులో అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం చుట్టుపక్కల స్థలాలు కొన్నవాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు. ఈ ఊరి బురుజు, ఈ ఆఫీసు ఏ జాబితాలోనూ లేవు. కాబట్టి కోర్టుకు పోయినా నిలబడే కేసు కాదు. అది ఇరువైపులా తెలుసు.

మొదట నేను దీన్ని అందం గొడవ అనుకున్నాను. పాత బజారులో అద్దాల మేడ నప్పదు, అందుకే జనానికి నచ్చలేదు, ముందు భాగం మారిస్తే సరిపోతుంది అని లెక్కేసుకున్నాను. రెండు వారాలు కూర్చుని అదే భవనానికి ముందు కమానులు తగిలించాను, పైన చిన్న బురుజు ఆకారం పెట్టాను, అద్దం సగానికి తగ్గించి బేతంచెర్ల బండ వేశాను. కౌన్సిల్ హాల్లో చూపించాను. ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. బొమ్మ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "పులి వేషం బాగుంది నాయనా, లోపల మనిషి ఎవరో చెప్పు" అన్నారు. దాని తర్వాత ఆ సభలో నా మాట ఎవరూ వినలేదు. నిజం చెప్పాలంటే వినాల్సినంత సరుకు కూడా నా దగ్గర లేదు.

ఆ రోజే ఇంకో దెబ్బ తగిలింది. పాత భవనం ఎంత గొప్పదో నేను చెబుతుంటే, తలుపు అవతల మూడు చక్రాల బండిలో కూర్చున్న ఒకామె గొంతు పెంచింది. ఆమెకు రెండు కాళ్లూ పని చేయవు. సభ మెట్ల పైన, ఆమె మెట్ల కింద. "మీ చరిత్రకు ఏడు మెట్లున్నాయి సార్. నేను పదేండ్లుగా కిందనే ఉండా. గుమాస్తా బయటికొచ్చి నా వేలిముద్ర తీసుకుపోతాడు. కొత్తది కడితే లిఫ్ట్ పెడతారంట, కట్టనీండి" అంది. ఎవరూ నోరు మెదపలేదు. ప్రభుత్వ భవనాల్లోకి అందరూ వెళ్లగలిగే దారి ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గట్టిగానే చెబుతుంది. పాత భవనాన్ని ప్రేమించే మాలాంటి వాళ్లం ఆ మాట ఎత్తడం మర్చిపోతుంటాం. ఆ వారమే పక్క గుమ్మానికి ఇటుకతో తాత్కాలికంగా ర్యాంపు కట్టించాను. నాలుగు రోజుల పని. పదేళ్లు ఎందుకు కట్టలేదని అడిగితే ఏ సీట్లోనూ జవాబు లేదు.

తర్వాతి సోమవారం, అర్జీల రోజు, ఏ పనీ పెట్టుకోకుండా వరండాలో కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఈ కేసు మొత్తంలో నేను చేసిన పనికొచ్చే పని ఏదైనా ఉంటే అది ఇదే. ఇంటి పన్ను రసీదులో పేరు తప్పు. కుళాయి కనెక్షన్. చనిపోయిన తండ్రి పేరు మీదున్న ఇంటిని కొడుకు పేరుకు మార్చడం. మరణ ధ్రువపత్రంలో ఊరి పేరు ఒక అక్షరం తేడా, దానివల్ల ఆగిపోయిన ఎల్ఐసీ డబ్బు. వచ్చినవాళ్లలో చాలామందిని గుమాస్తా "మీ వార్డు సచివాలయానికి పోండి" అని వెనక్కి పంపుతున్నాడు. వాళ్లేమో అక్కడి నుంచే వచ్చారు, "ఆఫీసుకు పోండి" అంటే. పదిన్నరకు వరండాలో నీడ పోయింది. వరస ఎండలోకి జరిగింది. ఒక ముసలాయన చెప్పులు వరసలో పెట్టి తాను వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాడు. కాసేపటికి వరసలో మనుషుల కన్నా చెప్పులే ఎక్కువయ్యాయి. పొద్దుగూకే దాకా కూర్చున్నా, పైఅంతస్తులో పని ఉందని వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇంటికొచ్చి డీపీఆర్, అంటే కొత్త భవనం పూర్తి వివరాల నివేదిక, మళ్లీ తీశాను. ఏ గది ఎంత పెద్దదో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, ఫైల్లో నలభైల పేజీల్లో ఎక్కడో. దాన్ని మొదటిసారి నిదానంగా చదివాను. అది వార్డు సచివాలయాలు రాకముందటి నమూనా. 2019లో సచివాలయాలు వచ్చాక ఎన్నో పనులు వార్డుల్లోకి దిగిపోయాయి, సగం పన్నులు ఫోన్లలోనే కడుతున్నారు. అయినా పట్టికలో పెద్ద పన్నుల హాలు అలాగే ఉంది, దాని పైన సిబ్బంది హాలు, దాని పైన ఇంకో మీటింగు హాలు. మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగితే ఆయన తల వంచుకుని, "నేను రాసింది కాదు సార్. వేరే మున్సిపాలిటీ డ్రాయింగు పంపించి ఇట్లనే చెయ్యమన్నారు" అన్నారు. పాపం ఆయన్ని అందరూ తిట్టారు, నేను కూడా మనసులో తిట్టాను. ఆయన చేతిలో ఉన్నది ఊరి పేరు మార్చడం ఒక్కటే.

వ్యతిరేకించేవాళ్లంతా ఒక్క మాట మీద ఉన్నారని బయట అనుకుంటారు. బజారు వ్యాపారులకు భయం పార్కింగు గురించి. అర్జీలు రాసేవాళ్లకు బల్లల గురించి. ఇద్దరు ముగ్గురు కౌన్సిలర్లకు కాంట్రాక్టు ఎవరికి పోతుందన్నది గురించి, అది చెప్పరు. కాలేజీ కుర్రాళ్లలో చాలామందికి అద్దాల మేడే ఇష్టం: "నంద్యాల, అనంతపురం వాళ్లు నవ్వకుండా ఉండాలంటే ఇట్లాంటిదే కావాల అన్నా" అన్నాడొకడు. వాడిది తప్పని నేననను. కొత్తది చూడాలని ఉండడం నేరమేం కాదు.

తెలుగు పండితులు ఇంకో వాదన తెచ్చారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు కర్నూలులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, రాష్ట్రానికి గుడారం చాలినప్పుడు ఊరికి ఇంత మేడెందుకు అని. సభలో చప్పట్లు మోగాయి. వినడానికి బాగుంటుంది గానీ ఆ వాదనతో నాకు పేచీ ఉంది. మన ఎండల్లో గుడారంలో ఫైళ్లు రాసిన గుమాస్తాను ఎవరైనా అడిగారా? గుడారాలు అవసరానికి వేసినవి, ఆదర్శానికి కాదు. పండితులతో అదే అన్నాను. "చప్పట్ల కోసం అన్నాలే" అని నవ్వేశారు. ఆ తర్వాతే మేం స్నేహితులమయ్యాం.

ఇక అసలు పని. అంచనా మొత్తం తెలుగులో రాసి ఊళ్లో కట్టాలన్నాను. కమిషనర్ గారు గట్టిగా అడ్డం తిరిగారు: "ఇది కట్టామంటే రేపటి నుంచి ప్రతివాడూ ఇంజనీరే." సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(సి) చూపించాను. జనం మీద ప్రభావం చూపే ముఖ్యమైన నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వివరాలన్నీ బయటపెట్టాలని అందులో ఉంది. ఎవరూ దరఖాస్తు చేసుకోకుండానే పెట్టాలి. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఎలాగూ ఇచ్చుకోవాలి, ముందే మనమే ఇస్తే పేడ తగ్గుతుంది అన్నాను. పేడ మాట పని చేసింది.

తర్జుమా నేనే చేశాను, రాత్రిళ్లు. పునాదులు, స్తంభాలు, శ్లాబులు తేలికే. 'ఎలివేషన్ ట్రీట్‌మెంట్' దగ్గర ఆగిపోయాను. అద్దం, ప్యానెళ్లు, స్టీలు పట్టీలు, లైట్లు అన్నీ ఆ ఒక్క పద్దులో ఉన్నాయి. చాలాసేపు ఆలోచించి 'ముందువైపు సింగారం' అని రాశాను. వెటకారం నా ఉద్దేశం కాదు. అంతకన్నా సరైన మాట దొరకలేదు.

ఫ్లెక్సీ హైస్కూలు గోడకు కట్టాం. ప్రతి వంద రూపాయల్లో గోడలకు, శ్లాబులకు 38. బేస్‌మెంటుకు 14. ఏసీలు, లిఫ్టు, కరెంటుకు 17. లోపలి ఫర్నిచరు, ఫాల్స్ సీలింగుకు 12. ముందువైపు సింగారానికి 19.

కూరగాయలు అమ్మే ఒకావిడ గంప దింపి కొడుకుతో చదివించుకుంది. "వందకు పందొమ్మిదా? పెండ్లికూతురికి కూడా ఇంత పెట్టం కదప్పా" అంది. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. అంతదాకా "మాకొద్దు" అన్నవాళ్లు "ఆ పందొమ్మిది ఎందుకు?" అని అడగడం మొదలుపెట్టారు. వద్దు అన్నదానికి నేనేం చేయలేను, ఎందుకు అన్నదానికి కూర్చుని మాట్లాడొచ్చు. పడమటి ముఖంగా అద్దం పెడితే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం దాకా ఎండ లోపలికే దిగుతుంది, ఆ వేడిని తోసేయడానికే ఏసీల పద్దు అంత లావుగా ఉంది, అంటే 17లో కొంత కూడా సింగారం ఖాతాయే అని అక్కడే నిలబడి వివరించాను. ఏఈ గారు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు.

బేస్‌మెంటు సంగతి రికార్డు రూములో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన తేల్చారు. ప్లాను మీద వేలు పెట్టి, "ఇది ఏ గది?" అన్నారు. రికార్డు గది అన్నాను. బేస్‌మెంటులో, వంకకు, అంటే వాగుకు, వంద అడుగుల దూరంలో. ఆయన నా ముఖంలోకి చూసి, "2009లో యాడున్నారు సార్ మీరు?" అన్నారు. నేను కర్నూలు పాతబస్తీలోనే ఉన్నాను. ఆ అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మా కింది అంతస్తు మునిగింది. నీళ్లు తగ్గాక బురద పట్టిన డ్రాయింగులను డాబా మీద ఇటుకలు పెట్టి ఆరబెట్టుకున్నవాణ్ణి. అలాంటి నేను ఈ ప్లాను మూడుసార్లు తిరగేసి కూడా ఆ గది మీద చూపు ఆపలేదు. సిగ్గేసింది. ఆ సాయంత్రమే ప్లానులోంచి బేస్‌మెంటు కొట్టేశాం.

కాంట్రాక్టరు వైపు నుంచి మాత్రం ఒత్తిడి ఆగలేదు: ముందు పునాది తీద్దాం, మార్పులు నడుస్తుండగా చూసుకుందాం అని. నేను ఒప్పుకోలేదు. ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ పార్లమెంటు భవనం గతి చదివిన ఆర్కిటెక్ట్ ఎవడూ ఒప్పుకోడు. 1997లో ఎక్కువలో ఎక్కువ 4 కోట్ల పౌండ్లు అన్నది, 2004లో తెరిచేసరికి 41 కోట్ల పౌండ్లు దాటింది. డిజైన్ తేలకముందే పని మొదలెట్టడం అందులో పెద్ద కారణం. మన దగ్గర దాన్ని 'అదనపు ఐటమ్స్' అంటారు. దాని రుచి తెలిసిన కాంట్రాక్టరు అసలు అంచనాను పట్టించుకోడు.

చివరికి కౌన్సిల్ తీర్మానం మార్చింది. పాత భవనం ఉంచి బాగుచేయడం, కౌన్సిల్ సమావేశాలు అందులోనే. వెనక పెరట్లో రెండంతస్తుల కొత్త బ్లాకు, లిఫ్టు, నేల మట్టంలో కౌంటర్లు, పై అంతస్తులో రికార్డు గది. కొత్త అంచనా పాతదాంట్లో వందకు 58. పని పూర్తయ్యేసరికి 66 అయింది. ఆ ఎనిమిది నా నెత్తి మీదే పడింది, న్యాయంగానే. పాత గోడలకు మధ్యలో ఎప్పుడో సిమెంటు పూత పూశారు. సున్నపు గోడ లోపలి తడిని బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని పట్టి ఉంచుతుంది. తాళంచెవితో గీకితే పెళ్లలు రాలి వేలికి తెల్లగా ఉప్పు అంటుకునేది. అది నేను ఊహించాను. పూత ఊడదీశాక గోడలోకి దిగిన దూలాల కొసలు చెదలు తిని డొల్లయి ఉంటాయని ఊహించలేదు. నాలుగు చోట్ల తట్టి చూసి అంతా బాగుందని రాసిచ్చేశాను. ఎనిమిది చోట్ల తట్టాల్సింది.

గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడానికి మూడు నెలలు పట్టింది. దొరికినాయనకు డెబ్భై దాటాయి, చూపు సరిగా లేదు. కుర్రాళ్లు కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి సున్నం తెచ్చిస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, "ఇంకా ఇసక పలుకుతాంది, మళ్లీ తిప్పండి" అనేవారు. నాకేం పలకలేదు. నాలుగోసారి నలిపి ఊరుకున్నారు, ఏమీ అనలేదు. అదే ఒప్పుకోలు.

అందరికీ అన్నీ దక్కలేదు. కాలేజీ కుర్రాళ్లు కొత్త బ్లాకు చూసి "స్కూలు మాదిరుంది" అని పెదవి విరిచారు, నిజమే, కొంచెం అలాగే ఉంది. బజారుకు పార్కింగు రాలేదు. అర్జీలు రాసేవాళ్లకు వరండాలో ఫ్యాన్ల కింద చోటిచ్చాం. కాగితాలు ఎగిరిపోతున్నాయని వారం తిరక్కుండా బల్లలు మళ్లీ వేపచెట్టు కిందికి చేర్చుకున్నారు. మూడు చక్రాల బండి ఆమె ఇప్పుడు నేరుగా కౌంటరు దాకా వస్తుంది. వచ్చిన రెండోరోజే కౌంటరు బల్ల తనకు ఎత్తుగా ఉందని నాకు ఫోన్ చేయించింది. ఒక బల్ల కోయించి దించాం.

మొన్న ఆడిట్ కాగితాల కోసం వెళ్లినప్పుడు శంకుస్థాపన రాయి ఏమైందని అడిగాను. కొత్త రాయి మీద ఎవరి పేర్లు ఉండాలో కౌన్సిల్లో తేలలేదట, పాతదాన్ని పారేయడానికి మనసొప్పలేదట. పైకి తీసుకుపోయి చూపించారు. కడిగి, రికార్డు గది తలుపు గాలికి కొట్టుకోకుండా వారగా నిలబెట్టారు. పేర్లు గోడ వైపు ఉన్నాయి.